చెన్నపట్టణము – అండమాను: రెండు విమానాశ్రయముల నడుమ దూరమును, ప్రయాణకాలమును గూర్చిన విచారణ

ఒక ఊరికిని మరియొక ఊరికిని నడుమ దూరమెంత అను ప్రశ్నకు సమాధానము ఒక్కటే యుండవలెనని మనము సామాన్యముగా తలతుము. ఊళ్లు కదలవు, నేల సాగదు, కనుక అంకె మారుటకు కారణము లేదు. కాని కొంతకాలము క్రిందట నాయొద్ద తెలుగు చదువుకొనుచున్న ఎనిమిదవ తరగతి బాలుడొకడు రెండు పుస్తకములు తెచ్చి నా బల్లమీద పెట్టి, “మాస్టారూ, వీటిలో ఏది నిజమండీ?” అని అడిగెను. ఒకటి సామాన్య విజ్ఞాన గ్రంథము. అందు చెన్నపట్టణమునకును, అండమాను దీవుల ముఖ్యపట్టణమగు పోర్టుబ్లెయిరునకును నడుమ దూరము 1,190 కిలోమీటర్లని యున్నది. రెండవది విమానయానమునకు సంబంధించిన చిన్న పుస్తకము. అందు 1,371 కిలోమీటర్లని యున్నది. భేదము 181 కిలోమీటర్లు. ఇది రమారమి చెన్నపట్టణము నుండి నెల్లూరికి గల దూరము.

ఆ బాలుడు ఊరక అడిగినవాడు కాడు. వాని తండ్రిది శ్రీకాకుళపు సముద్రతీరము నుండి దీవులకు వలసపోయిన కుటుంబము. నాయనమ్మ నేటికిని అక్కడనే యున్నది. ఆమె వైద్యమునకై చెన్నపట్టణము వచ్చినప్పుడు మనుమడు ఆమెను గూడ ఇదే ప్రశ్న అడిగెనట. “ఓడలోనైతే మూడ్రోజులు, ఇమానంలోనైతే రెండు గంటలు. దూరమెంతో నాకేటి తెలుసు నాయనా” అని ఆమె చెప్పినదట. ఆ సమాధానములో తప్పేమియు లేదు. పుస్తకములలోని సమాధానములలోనే ఏదో తప్పున్నది. ఆ తప్పెక్కడిదో విచారించుటయు, అంకె తెలిసిన పిమ్మట ప్రయాణకాలము దానినుండి ఏ విధముగ ఏర్పడునో తెలుపుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనము. 2024 సెప్టెంబరులో పోర్టుబ్లెయిరునకు ‘శ్రీవిజయపురము’ అని కేంద్ర ప్రభుత్వము పేరు మార్చినది. పాత పేరే పుస్తకములలో ఎక్కువగా కనబడుచుండుట చేత ఈ వ్యాసమున దానినే వాడుచున్నాను.

పూర్వుల కొలతలు

మన పూర్వులు దూరమును పెక్కుమారులు కాలముతోడనో, చెవితోడనో చెప్పిరి. ‘కూతవేటు దూరము’ అన్నచో కేక వినబడునంత దూరము. ‘రెండు దినముల దారి’ అన్నచో మార్గమున ఒక రాత్రి బస చేయవలసియుండునని భావము. క్రోసు, ఆమడ అను కొలతలు లేకపోలేదు. క్రోసు రమారమి రెండు మైళ్లనియు, నాలుగు క్రోసులు ఒక ఆమడ యనియు వాడుక. కాని క్రోసు సీమకొక తీరుగ నుండెను. దానివలన బాటసారికి కలిగిన నష్టము స్వల్పము. ఎడ్లబండిపై పోవువానికి తెలియవలసినది పొద్దు గ్రుంకులోపల చేరుదుమా లేదా అనునదియే.

సముద్రముమీద ఈ పద్ధతి సాగదు. అక్కడ మైలురాళ్లు లేవు. దారి చెప్పువారు లేరు. ఎంత దూరము పోయితిమో తెలియని నావికుడు ఎక్కడ నున్నాడో గూడ ఎరుగడు. ఆకాశయానమునకు ఈ మాట మరింత వర్తించును. ఓడ దారి తప్పినచో కొన్ని దినములు తేలియుండగలదు. విమానమునకు మోసికొనిపోయిన ఇంధనమే ఆయువు. కనుక దూరము, వేగము, కాలము అను మూడింటి సంబంధము ఇక్కడ ప్రాణావసరమగుచున్నది.

గోళముమీద దూరము

భూమి బంతివలె గుండ్రముగ నున్నది. బంతిమీద రెండు చుక్కల నడుమ తిన్నని గీత గీయుట అసాధ్యము. కాని ఒక దారమును బిగించి లాగి పట్టవచ్చును. ఆ దారము నిలుచు మార్గమే మిక్కిలి దగ్గరిది. దానిని రెండు వైపుల పొడిగించినచో అది భూమిని సరిగా రెండు సమభాగములుగా ఖండించును. గణితజ్ఞులు దీనిని మహావృత్తమందురు. విమానాశ్రయముల నడుమ దూరమని గ్రంథములలో చెప్పబడునది ఈ మహావృత్తపు ముక్క పొడవే.

దీనిని లెక్కించుటకు రెండు స్థలముల అక్షాంశ రేఖాంశములు చాలును. చెన్నపట్టణపు విమానాశ్రయము, అనగా మీనంబాకము, ఉత్తర అక్షాంశము 12.99 డిగ్రీలు, తూర్పు రేఖాంశము 80.18 డిగ్రీల వద్ద నున్నది. పోర్టుబ్లెయిరులోని వీర సావర్కర్ విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 11.64, తూర్పు రేఖాంశము 92.73 డిగ్రీల వద్ద నున్నది. రేఖాంశములలో భేదము 12.55 డిగ్రీలు, అక్షాంశములలో భేదము 1.35 డిగ్రీలు. అనగా రెండవ ఊరు మొదటిదానికి తూర్పుగా, ఒకింత దక్షిణముగా నున్నది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేయుదురు. రేఖాంశపు డిగ్రీ అన్ని చోట్ల ఒకే పొడవు గలది కాదు. రేఖాంశములన్నియు ధ్రువముల వద్ద కలిసిపోవును గనుక, భూమధ్యరేఖ నుండి ఎగువకు పోవుకొలది వాని నడుమ యెడము తగ్గుచుండును. మన రెండు ఊళ్ల నడిమి అక్షాంశము 12.32 డిగ్రీలు. ఆ కోణపు కొసైను విలువ 0.977. కనుక 12.55ను 0.977తో గుణింపవలెను, 12.26 వచ్చును. పిమ్మట ఈ 12.26 భుజముగను, 1.35 కోటిగను గల లంబకోణ త్రిభుజమునకు కర్ణము కట్టినచో 12.33 డిగ్రీలు వచ్చును. ఇంత చిన్న దూరములకు ఈ సులభమార్గము చాలును. గోళ త్రికోణమితి ననుసరించి పూర్తిగా లెక్కించి చూచితిని, ఫలము ఇదియే.

డిగ్రీ కరువది నిమిషములు. 12.33 డిగ్రీలను నిమిషములు చేసినచో 740 వచ్చును. భూమి చుట్టుకొలతలో ఒక నిమిషపు కోణమునకు సరిపడు పొడవునే నావికులు తమ మైలుగా గ్రహించిరి. దీనినే నాటికల్ మైలు అందురు. తెలుగున సముద్రపు మైలు అనవచ్చును. 1929లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో దీని పొడవు 1,852 మీటర్లని స్థిరపరచిరి. నేలమీద మనమెరిగిన మైలు 1,609 మీటర్లు మాత్రమే. 740 సముద్రపు మైళ్లను 1.852తో గుణించినచో 1,370 కిలోమీటర్లు వచ్చును. బాలుడు తెచ్చిన రెండవ పుస్తకములోని అంకె 1,371. ఒక్క కిలోమీటరు భేదము దశాంశములను విడిచిపెట్టుటవలన వచ్చినది. కనుక విమానపు పుస్తకము చెప్పినది సరియే.

పటముమీద రెండు ఊళ్లను గీటుబద్దతో కలిపినచో వచ్చు మార్గమునకును, మహావృత్తమునకును భేదముండదా అని విజ్ఞులు అడుగవచ్చును. ఉండును. కాని మన ఉదాహరణమున అది ఒక ఫర్లాంగైనను లేదు; నూరు మీటర్లకు కొంచెము మించును, అంతే. భూమధ్యరేఖకు చేరువగా, తూర్పు పడమరలుగా పోవు చిన్న దూరములకు రెండు దారులును ఇంచుమించు ఒక్కటియే. దూరమధికమైనచో మాత్రము భేదము మిక్కిలి హెచ్చగును. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానము నడిపిన మహిళా చోదకులు ఉత్తరధ్రువ ప్రాంతము మీదుగ వచ్చిరి. ఆ బృందములో పాపగారి తన్మయి అను ఆమెయు నుండెను. గోడపటముమీద చూచినచో అది వింతదారి. బంతిమీద దారము పట్టి చూచినచో అదియే దగ్గరిదారి.

పరంగిమలై పాదమున

అక్షాంశపు డిగ్రీ ఇన్ని మైళ్లని మనమిప్పుడు తడుముకొనక చెప్పుచున్నాము. ఈ జ్ఞానము ఊరక వచ్చినది కాదు. మన దేశమున దీనికై జరిగిన కొలతపని మీనంబాకము విమానాశ్రయమునకు కూతవేటు దూరముననే ఆరంభమయినది. 1802 ఏప్రిలు 10వ తేదీని విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి, పరంగిమలై అని ఇక్కడివారు పిలుచు సెయింట్ థామస్ కొండ పాదము నుండి దక్షిణముగా ఒక ఆధారరేఖను కొలువనారంభించెను. నూరడుగుల ఉక్కు గొలుసును ఎండకు సాగకుండ కాపాడుచు, మరల మరల పరచుచు ఏడున్నర మైళ్ల పొడవు కొలుచుటకు 57 దినములు పట్టినది. ఆ ఒక్క రేఖపై త్రిభుజమును, దానిపై మరియొక త్రిభుజమును కట్టుకొనుచు ఈ దేశమునంతటిని కొలిచిరి. మన గుత్తి సీమలో గూడ అట్టి ఆధారరేఖ నొకదానిని కొలిచిరి. ఆ పనియే మహా త్రికోణమితి సర్వేయని ప్రసిద్ధి కెక్కెను.

నేడు మీనంబాకములోని పెద్ద రన్‌వే పొడవు 3,658 మీటర్లు. లాంబ్టన్ కొలిచిన రేఖ దీనికి మూడు రెట్లకు మించును. విమానము ఆ రన్‌వేపై పరుగిడి లేచుటకు ఒక నిమిషమైనను పట్టదు. పక్కనున్న రేఖను కొలుచుటకు రెండు మాసములు పట్టినది. ఆ రెండు మాసముల శ్రమ లేనిచో ఈ నిమిషపు ప్రయాణమునకు లెక్క యుండెడిది కాదు.

1,190 అను అంకె ఎక్కడిది?

విమానపు పుస్తకము సరియైనదైనచో 1,190 అను అంకె ఎక్కడినుండి వచ్చినది? ఇది ఒక్క పుస్తకములోని అచ్చుతప్పు కాదు. యాత్రికుల కరదీపికలలోను, పోటీపరీక్షల పుస్తకములలోను ఇదే అంకె కనబడుచున్నది. సాధారణముగా మూడు దూరములు కలిపి చెప్పబడుచున్నవి: కలకత్తా నుండి 1,255, విశాఖపట్టణము నుండి 1,200, చెన్నపట్టణము నుండి 1,190 కిలోమీటర్లు. ఓడదారి దూరములు గాబోలునని మొదట తోచును. కాని ఓడదారి తిన్నని దారికంటె తక్కువ యగుట ఎన్నటికిని సాధ్యము కాదు. ఒడ్డులు, దీవులు చుట్టి పోవలసిన ఓడకు దూరము పెరుగును గాని తరుగదు.

ఈ సందర్భమున ఒక గుణకారము చేసి చూచితిని. 740ని సముద్రపు మైళ్లుగ గాక నేలమైళ్లుగ భావించి 1.609తో గుణించినచో 1,190.66 వచ్చుచున్నది. అనగా సరిగా పుస్తకములలోని 1,190. ఇది కాకతాళీయమని తోచుటలేదు. మన దేశమున తూనికలు కొలతల చట్టము 1956లో వచ్చెను. 1958 నుండి మెట్రిక్ పద్ధతి క్రమక్రమముగ అమలయ్యెను. ఆ దినములలో పాత పుస్తకములన్నింటిలోను మైళ్లను కిలోమీటర్లుగ మార్చవలసి వచ్చినది. నావికుల పుస్తకమునుండి గ్రహించిన 740 మైళ్లను ఎవరో లేఖకుడు నేలమైళ్లనుకొని మార్చియుండును. ఒకరు వ్రాసినది మరియొకరు ఎత్తి వ్రాసిరి. ఇది నా ఊహయే గాని ప్రత్యక్ష సాక్ష్యము కాదు. కాని ఈ ఊహ తప్పైనను, 1,190 అను అంకె తప్పనుట మాత్రము నిశ్చయము.

ఈ చిన్న పొరపాటువలన కలిగిన ఫలితము చిన్నది కాదు. పైన చెప్పిన పద్ధతిననుసరించియే మిగిలిన రెండు ఊళ్ల విమానాశ్రయములకును లెక్క కట్టితిని. విశాఖపట్టణము నుండి పోర్టుబ్లెయిరునకు సుమారు 1,225 కిలోమీటర్లు. కలకత్తా నుండి సుమారు 1,305. చెన్నపట్టణము నుండి 1,371. అనగా పుస్తకములు అన్నింటికంటె దగ్గరిదని చెప్పుచున్న చెన్నపట్టణము ఈ మూడింటిలో మిక్కిలి దూరమైనది. మన విశాఖపట్టణమే మిక్కిలి దగ్గరిది. కలకత్తాకు చెప్పబడిన 1,255 గూడ తిన్నని దూరముకంటె తక్కువగ నుండుట గమనింపదగినది. మూడింటిలోను విశాఖ అంకె యొక్కటియే సత్యమునకు చేరువగ నున్నది. దీవులలో తెలుగువారి సంఖ్య స్వల్పము కాదు. 2011 జనాభా లెక్కల ననుసరించి అక్కడ నూటికి సుమారు పదుమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో చాలమంది శ్రీకాకుళము, విశాఖపట్టణపు తీరముల నుండి పోయినవారు. దగ్గరి రేవు ఏదియో వారి పిల్లలకైనను సరిగా తెలియుట న్యాయము.

ప్రయాణకాలము

ఇక కాలమును గూర్చి చూతము. వేగమును సముద్రముమీదను, ఆకాశముననను నాట్లతో కొలుతురు. గంటకొక సముద్రపు మైలు పోవుట ఒక నాట్. చెన్నపట్టణము నుండి దీవులకు పోవు ప్రయాణికుల ఓడకు సుమారు అరువది గంటలు పట్టును. 740ని అరువదితో భాగించినచో 12 నాట్లకు కొంచెము మించును. నాయనమ్మ చెప్పిన మూడు దినములు దీనితో సరిపోవుచున్నవి.

1911లో వినాయక దామోదర సావర్కరును చెన్నపట్టణపు రేవునుండియే ‘మహారాజా’ అను ఓడపై అండమానుకు తీసికొనిపోయిరి. జులై 4వ తేదీని ఆయన అక్కడి కారాగారమును చేరెను. ఆనాడు ఆ సముద్రమునకు ‘కాలాపానీ’ అని పేరు. పోయినవాడు మరలివచ్చునను ఆశ లేని దారి యది. 2002లో అక్కడి విమానాశ్రయమునకు ఆయన పేరే పెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధములో 1942 నుండి 1945 వరకు దీవులు జపానువారి వశముననుండగా వారు వేయించిన రన్‌వేయే దానికి మూలము. నేటికిని అది నౌకాదళపు ‘ఉత్క్రోశ్’ స్థావరముతో కలిసియున్నది. 2023 జులై 18న కొత్త టెర్మినల్ భవనమును ప్రధానమంత్రి ప్రారంభించెను.

జెట్ విమానము గాలిలో గంటకు సుమారు 450 నాట్ల వేగముతో పోవును. 740ని 450తో భాగించినచో ఒక గంట 39 నిమిషములు వచ్చును. కాని కాలపట్టికలలో సుమారు రెండు గంటల పదునైదు నిమిషములని యుండును. మిగిలిన అరగంటకు పైబడిన కాలము ఏమయ్యెను? మొదట విమానము తలుపు మూసికొని రన్‌వే వద్దకు నెమ్మదిగా పోవలెను. లేచిన పిమ్మట పదికిలోమీటర్ల యెత్తునకు ఎక్కువరకు దాని వేగము తక్కువ. దిగునప్పుడును అంతే. ఆపై రన్‌వేకు ఎదురుగా తిరిగి వచ్చుటకు కొంత చుట్టు. నేలమీద మరల నెమ్మదినడక. కాలపట్టికలోని కాలము తలుపు మూసినది మొదలు తలుపు తెరచువరకు గల కాలము. గాలిలోని కాలము మాత్రము కాదు. దూరము తక్కువైనకొలది ఈ అదనపు కాలపు భాగము ఎక్కువగ కనబడును. విమానప్రయాణము చిన్న దూరములకు ఆశించినంత లాభము నీయకుండుటకు ఇదియే హేతువు.

గాలివాటము

పోవుటకును వచ్చుటకును ఒకే కాలము పట్టదు. భూమి తిరుగుటవలన ఇది కలుగునని కొందరి భ్రమ. భూమితోబాటు గాలియు తిరుగుచున్నది; రైలుపెట్టెలో ఎగురు ఈగను పెట్టె వెనుకకు విడిచిపోదు గదా. నిజమైన కారణము గాలివాటము.

ఈ విషయమున ఒక తెలుగువాని పేరు స్మరింపవలసియున్నది. నైరుతి ఋతుపవనముల కాలమున మన దేశపు దక్షిణభాగముమీద, చాల ఎత్తున, తూర్పునుండి పడమటికి ఒక మహావేగపు వాయుప్రవాహము సాగుచుండును. దీని స్వరూపమును వివరించి 1958లో ప్రకటించినవాడు పంచేటి కోటేశ్వరము. ఆయన పిమ్మట భారత వాతావరణశాఖకు అధిపతియయ్యెను. దీనిని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహమందురు. దాని నడిబొడ్డు సుమారు 14 నుండి 16 కిలోమీటర్ల యెత్తున, చెన్నపట్టణపు అక్షాంశమునకు చేరువగ నుండును. ప్రయాణికుల విమానములు అంతకు దిగువ నెగురును. అయినను తూర్పుగాలి ప్రభావము అక్కడను కలదు.

ఉదాహరణమునకు గాలి 40 నాట్ల వేగముతో తూర్పునుండి వీచుచున్నదనుకొందము. దీవులకు పోవు విమానమునకు అది ఎదురుగాలి. నేలను బట్టి దాని వేగము 410 నాట్లు. 740 మైళ్లకు ఒక గంట 48 నిమిషములు పట్టును. తిరిగివచ్చునప్పుడు వేగము 490 నాట్లు. ఒక గంట 31 నిమిషములు చాలును. భేదము 17 నిమిషములు. పోవునప్పుడు పోగొట్టుకొన్నది వచ్చునప్పుడు దొరకునుగదా యని తలచుట సహజము. కాని రెండును కూడినచో 3 గంటల 19 నిమిషములు. గాలి లేనిచో 3 గంటల 17 నిమిషములే. ఎదురుగాలిలో ఎక్కువసేపును, వెనుకగాలిలో తక్కువసేపును ఉందుము గనుక నష్టము పూర్తిగా పూడదు. ఏటికి ఎదురీది మరల వాలుగ వచ్చు పడవవానికి ఇది అనుభవమే.

గాలివాటము దూరమును గూడ జయింపగలదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియావారు ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవు విమానమును అట్లాంటికు మీదుగా గాక పసిఫికు మీదుగా నడిపిరి. కొత్తదారి పాతదానికంటె సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను పడమటి గాలులు వెనుకనుండి తోయుట చేత రమారమి రెండు గంటల కాలము తగ్గినది. చుట్టుదారియే దగ్గరిదారి యగుట యనిన ఇదియే.

సూర్యుడును గడియారమును

చెన్నపట్టణమునందును పోర్టుబ్లెయిరునందును గడియారములు ఒక్కటే కాలము చూపును. కాకినాడ చేరువగ పోవు 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి ఏర్పడిన భారతీయ ప్రామాణిక కాలము 1906 నుండి అమలులోనికి వచ్చెను. సూర్యుడు మాత్రము చట్టమునకు లొంగడు. ఒక డిగ్రీ రేఖాంశమునకు నాలుగు నిమిషముల చొప్పున, 12.55 డిగ్రీలకు 50 నిమిషములు. అనగా దీవులలో మిట్టమధ్యాహ్నము మనకంటె 50 నిమిషములు ముందుగ వచ్చును. చలికాలమున అక్కడ సాయంకాలము ఐదు గంటలకే పొద్దు గ్రుంకుటకు కారణమిదియే.

పూర్వమువలె ఏ ఊరి కాలము ఆ ఊరిదైనచో వింత కలుగును. ఉదయము తొమ్మిదింటికి ఇక్కడ బయలుదేరినవాడు రెండుంపావు గంటల పిమ్మట అక్కడ దిగి గోడగడియారము చూచినచో 12 గంటల 5 నిమిషములై యుండును. ప్రయాణము మూడు గంటలకు పైబడినట్లు తోచును. తిరిగివచ్చునప్పుడు అదే ప్రయాణము ఒక గంట 25 నిమిషములే యనిపించును. అమెరికాకు పోయివచ్చువారు కాలపట్టికలు చూచి భ్రమపడుట ఇట్టిదే. ప్రయాణకాలము తెలియగోరినచో ముందుగా రెండు ఊళ్ల కాలములను ఒక్కటి చేసికొనవలెను.

కొలమానము తప్పినచో

ఇంత చిన్న లెక్కకు ఇంత చర్చ యేల యని కొందరికి తోచవచ్చును. 1983 జులైలో కెనడా దేశపు పెద్ద విమానమొకటి నడిమింట ఇంధనము లేక ఆగిపోయినది. ఇంధనపు తూకమును కిలోగ్రాములలో లెక్కింపవలసినచోట పౌనుల గుణకమును వాడుటయే కారణము. చోదకుల నేర్పువలన అది గిమ్లీ యను చోట పాత రన్‌వేపై దిగి, అందరును బ్రతికిరి. అన్ని వేళల అట్టి అదృష్టము కలుగదు.

మన దారిలోనే జరిగిన దుర్ఘటన నొకదానిని చెప్పవలసియున్నది. 2016 జులై 22వ తేదీ ఉదయము ఎనిమిదిన్నరకు వాయుసేనవారి ఏ.ఎన్.–32 విమానము 29 మందితో తాంబరము నుండి పోర్టుబ్లెయిరునకు బయలుదేరెను. పదకొండు ముప్పావుకు చేరవలసినది చేరలేదు. అందలి 29 మందిలో ఎనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయువారు. నెలల తరబడి ఓడలు, విమానములు వెదకినను జాడ తెలియలేదు. ఏడున్నర సంవత్సరములకు, 2024 జనవరిలో, చెన్నపట్టణమందలి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలాంతర యంత్రము 3,400 మీటర్ల లోతున తీసిన ఛాయాచిత్రములలో దాని శకలములు కనబడినవని ప్రకటించిరి. ఆ విమానము వేరుగా నడచిన దోషము కొలమానమువలన కలిగినదని నేననుట లేదు. దానికిని దీనికిని సంబంధము లేదు. కాని ఆ వార్తను చదువునప్పుడు ఒక్క అంశము నన్ను ఆపినది. శకలములున్నచోటు చెన్నపట్టణపు తీరమునకు ‘140 నాటికల్ మైళ్లు, సుమారు 310 కిలోమీటర్లు’ అని పత్రికలలో వచ్చినది. 140ని 1.852తో గుణించినచో 259 కిలోమీటర్లే వచ్చును. రెండు అంకెలును ఏకకాలమున సత్యములు కానేరవు. ఏది సరియో చెప్పుటకు నేను సమర్థుడను కాను. కాని తమవారు సముద్రములో ఎక్కడ నున్నారో తెలిసికొనుటకు ఏడున్నర యేండ్లు ఎదురుచూచిన కుటుంబములకు ఇచ్చిన వాక్యములో ఏబది కిలోమీటర్ల తేడా యుండరాదు.

ఉపసంహారము

ఈ విచారణవలన తేలిన విషయములు కొన్ని. చెన్నపట్టణము, పోర్టుబ్లెయిరు విమానాశ్రయముల నడుమ దూరము 740 సముద్రపు మైళ్లు. అనగా 1,371 కిలోమీటర్లు. నేలమైళ్లలో సుమారు 852. పుస్తకములలోని 1,190 సవరింపదగినది. తూర్పుతీరపు మూడు పెద్దరేవులలో దీవులకు దగ్గరిది విశాఖపట్టణము. ప్రయాణకాలము దూరమును మాత్రమే గాక, ఎక్కుదిగుటలను, గాలివాటమును, గడియారములను బట్టి యుండును.

పాఠ్యపుస్తకములు వ్రాయువారికి ఒక్క మనవి. అంకె ప్రక్కన ‘మైళ్లు’ అని మాత్రము వ్రాయక ‘సముద్రపు మైళ్లు’ అనియో, ‘నేలమైళ్లు’ అనియో వ్రాయవలెను. తిన్నని దూరమో, ఓడదారియో చెప్పవలెను. ఒక్క విశేషణము విడిచినందున ఒక తరము పిల్లలు తప్పు నేర్చికొనిరి. భాషాబోధకుడనగు నేను లెక్కల విషయమున జోక్యము చేసికొనుటకు ఇదియే కారణము: ఇక్కడ తప్పినది గుణకారము కాదు, మాట.

ఈ లెక్కనంతటిని ఆ బాలునిచేతనే నల్లబల్లమీద తెలుగులో చేయించితిని. కొసైను విలువను పట్టికలో వాడే వెదకెను. కడపట 740 వచ్చినప్పుడు తరగతి యంతయు చప్పట్లు కొట్టినది. మరునాడు వాడు వచ్చి, “నాయనమ్మకు ఫోనులో చెప్పాను మాస్టారూ” అనెను. ఆమె ఏమన్నదని అడిగితిని. “అంత దూరమా! అయితే నువ్వే రా, నేను ముసలిదాన్ని అంది” అని చెప్పెను.